మధ్యాహ్నం పూట మూర్ మీద పిట్టలు చూడాలంటే

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు మూర్‌కి (అంటే ఎత్తు మీద చెట్లు లేని బీడుకి) వెళ్లేది ఎక్కువగా ఆగస్టులోనే. హెదర్ అనే పొద పూసి కొండంతా ఊదారంగులో ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ పిట్టల కోసమైతే ఆగస్టు దండగ. కర్లూలనే వంకర ముక్కు పిట్టలు జూలైకల్లా సముద్ర తీరాలకు దిగిపోతాయి, కుకూలు అంతకుముందే ఆఫ్రికా దారి పడతాయి, మిగిలినవి పాట మానేసి ఈకలు రాల్చుకుంటూ పొదల్లో దాక్కుంటాయి. పిట్టలు కావాలంటే ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ సగం దాకా వెళ్లాలి. అప్పుడు హెదర్ ఎండుపుల్లల్లా గోధుమరంగులో ఉంటుంది. ఫొటో ఒక్కటీ బాగా రాదు. చెవులకు మాత్రం పండగ.

నేను చెప్పబోయేది ఒక్క దారి గురించే. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో గ్రిండిల్‌ఫోర్డ్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, ప్యాడ్లీ గార్జ్ అడవిలోంచి లాంగ్‌షా ఎక్కి, అక్కడి నుంచి వైట్ ఎడ్జ్ అనే రాతి గట్టు మీదికి వెళ్లి, అటువైపు పరుచుకున్న బిగ్ మూర్ వైపు చూస్తూ కూర్చుని, వచ్చిన దారినే దిగి రావడం. రానూపోనూ పది కిలోమీటర్ల చుట్టుపక్కల. కారుంటే లాంగ్‌షాలో పెట్టుకోండి, దాదాపు సగం నడక తగ్గుతుంది. రైలైతే షెఫీల్డ్ నుంచి పావుగంట.

మధ్యాహ్నమే ఎందుకు

పిట్టలు చూడాలంటే చీకటితోనే లేవాలని అందరూ చెబుతారు. అడవిలో అది నిజమే. కానీ శనివారం పొద్దున పిల్లల క్లాసులు, వారం సరుకులు, ఇండియాకి ఫోన్లు, ఇవన్నీ అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. చాలాకాలం నేను దీన్ని లోటుగానే అనుకున్నాను. ఒకసారి పొద్దున వైట్ ఎడ్జ్ ఎక్కి చూశాక తెలిసింది. గట్టు మీద నిలబడి మూర్ వైపు చూస్తే తూర్పుకి చూస్తున్నట్టు. పొద్దున సూర్యుడు సూటిగా కళ్లలో కొడుతుంటే ఎదురుగా ఎగిరే పిట్టలన్నీ నల్లటి నీడబొమ్మలే. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మన వీపు మీద పడుతుంది, మూర్ మీద పిట్ట రెక్కలో గీత కూడా వెలుగుతుంది. పైగా మే నెలాఖరులో ఇక్కడ పొద్దుగూకేది తొమ్మిది దాటాక. రెండింటికి బయల్దేరినా చేతిలో ఏడు గంటల వెలుతురు ఉన్నట్టే.

డిసెంబరులో మాత్రం ఈ లెక్క పనికిరాదు. నాలుగింటికే చీకటి. చలికాలం వెళ్లేవాళ్లు పన్నెండుకల్లా నడక మొదలుపెట్టి మూడింటికి వెనక్కి తిరగాలి.

ముందు రోజు చేయాల్సినవి

బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ సైట్‌లో వాన కంటే ముందు గాలి చూడండి. సన్నజల్లులో కూడా పిట్టలు పాడతాయి. గాలి గంటకు 25 మైళ్లు దాటిందంటే అన్నీ నేలకి అతుక్కుపోతాయి, మనకి మన జాకెట్ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అలాంటి రోజు గట్టు మానేసి కింద ప్యాడ్లీ అడవితో సరిపెట్టుకోండి.

జాకెట్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. నడుస్తుంటే కరకరలాడే రెయిన్ జాకెట్ కొనకండి. షాపులోనే వేసుకుని చేతులు ఊపి చూడండి. రంగు గురించి మరీ అంత బెంగ అక్కర్లేదు, పచ్చో గోధుమో అయితే మంచిది. పిట్ట భయపడేది ముందు మన కదలికకే. టిఫిన్ బాక్సులో పులిహోర, ఫ్లాస్కులో టీ ఉంటే చాలు. పాలిథీన్ కవర్లలో చుట్టినవి ఏవీ వద్దు. చేగోడీలు నమిలితే వచ్చే శబ్దం పర్లేదు గానీ, ఆ కవర్ విప్పే శబ్దానికి గట్టు మీద పిట్టలన్నీ లేచిపోతాయి. అనుభవం మీద చెబుతున్నాను.

చీలమండ పైదాకా వచ్చే నీళ్లు చొరబడని బూట్లు, అదనంగా ఒక జత మేజోళ్లు, టోపీ, కూర్చోవడానికి ఒక స్పాంజి ముక్క తీసుకెళ్లండి. ఈ చివరిది చిన్న వస్తువులా ఉంటుంది కానీ, తడి రాయి మీద గంటసేపు ఎవరూ కూర్చోలేరు, ఈ నడకంతా ఆ గంట కోసమే. ఫోన్లో మ్యాప్ ఉన్నా ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓ.ఎస్.) అనే ఇక్కడి సర్కారీ మ్యాపుల సంస్థ వేసే ఎక్స్‌ప్లోరర్ ఓ.ఎల్. 24 కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. పొగమంచు పట్టిందంటే పది నిమిషాల్లో గట్టు మాయమవుతుంది, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఒక విజిల్ కూడా ఉండాలి. దారి తప్పో, కాలు విరిగో ఆగిపోతే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదడం ఇక్కడి పద్ధతి. ఫోన్ కలిస్తే 999కి కొట్టి పోలీసుని అడిగి, వాళ్లకి మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే దళం) కావాలని చెప్పాలి.

బైనాక్యులర్ ఇంట్లోనే సరిచేసుకోండి

మొదటిసారి వెళ్లినవాళ్లు నిరాశపడేది పిట్టలు లేక కాదు, బైనాక్యులర్ సరిగ్గా సెట్ చేసుకోక. 8x42 అని రాసి ఉన్నది తీసుకోండి, అంటే 8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు. 10 రెట్లు పెద్దగా చూపించేదాని మీదికి మనసు పోతుంది, కానీ గాలిలో చెయ్యి వణికితే బొమ్మ కూడా అంతే వణుకుతుంది, కనబడే జాగా కూడా తగ్గుతుంది.

కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేయండి, లేకపోతే బయటికి లాగండి. రెండు గొట్టాలనీ మడుస్తూ విప్పుతూ రెండు వలయాలూ ఒకే వలయంగా కలిసేదాకా సర్దండి. తర్వాత దూరంగా ఉన్న ఏదో ఒక యాంటెన్నా వైపు చూడండి (ఎదురింటి కిటికీల వైపు మాత్రం తిప్పకండి, గొడవలవుతాయి). కుడి గొట్టం ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటికి యాంటెన్నా స్పష్టంగా కనబడేదాకా మధ్య చక్రం తిప్పండి. ఇప్పుడు ఎడమ గొట్టం మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కన్ను దగ్గర ఉండే చిన్న రింగుని మాత్రమే తిప్పుతూ కుడి కంటికి స్పష్టం చేసుకోండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇక దాంతో పని లేదు, మధ్య చక్రం ఒక్కటే.

ఇంకొకటి అలవాటు చేసుకోవాలి. పిట్ట కనబడగానే తల వంచి బైనాక్యులర్ వెతుక్కుంటాం, తల ఎత్తేసరికి పిట్ట ఎక్కడుందో తెలియదు. చూపు పిట్ట మీదే ఉంచి, తల కదపకుండా, బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. బాల్కనీలో కూర్చుని పావురాల మీద ఒక సాయంత్రం ప్రాక్టీసు చేస్తే వచ్చేస్తుంది.

ఎక్కుతూ

గ్రిండిల్‌ఫోర్డ్‌లో దిగి బర్బేజ్ బ్రూక్ వాగు పక్కనే ప్యాడ్లీ గార్జ్ దారి పట్టుకోండి. పాత ఓక్ చెట్లు, నాచు పట్టిన బండలు. మే నెలలో ఇక్కడ ఆఫ్రికా నుంచి వచ్చిన పైడ్ ఫ్లైక్యాచర్లు చెట్టు తొర్రల్లో గూళ్లు పెడతాయి, మగది నలుపూ తెలుపూ. వాగులో బండ మీద నిలబడి మోకాళ్లు వంచి లేస్తున్నట్టు ఊగే, తెల్ల రొమ్ము ఉన్న గుండ్రటి పిట్ట డిప్పర్. అది నీళ్లలోకి దిగి అడుగున నడుస్తూ పురుగులు ఏరుకుంటుంది. ఇక్కడ పది నిమిషాలు ఆగండి, అంతకంటే వద్దు. ఈ అడవి ఎంత బాగుంటుందంటే, చాలామంది ఇక్కడే పొద్దు గడిపేసి మూర్ చూడకుండా తిరిగొస్తారు.

అడవి దాటాక లాంగ్‌షా. టాయిలెట్ అవసరం ఇక్కడే తీర్చుకోండి, పైన ఒక్క చెట్టు చాటు కూడా ఉండదు. అక్కడి నుంచి ఉడెన్ పోల్ కార్ పార్క్ వైపు నడిచి, రోడ్డు జాగ్రత్తగా దాటండి, కార్లు చాలా వేగంగా వస్తాయి. అవతల వైట్ ఎడ్జ్ లాడ్జ్ అనే ఒంటరి రాతి ఇంటివైపు దారి సాగి గట్టు మీదికి చేరుతుంది.

ఇక మూర్ మొదలు. మూర్ అంటే మన వైపు ఏ మాటకీ సరిగ్గా ఒదగదు. ఎత్తు మీద చెట్లు లేని బీడు, కింద తడిసిన నల్లరేగడిలాంటి పీట్ మట్టి, దాని మీద మోకాలెత్తు హెదర్, మధ్యమధ్య తెల్లటి దూది పింజల్లా ఊగే కాటన్ గ్రాస్. దారి వదిలి నడవకండి. అందులోనూ లేత ఆకుపచ్చగా, మెత్తటి పరుపులా కనబడే చోట అస్సలు కాలు పెట్టకండి. అది స్ఫాగ్నమ్ నాచు, కింద నీళ్లే. నా మొదటి మూర్ నడకలో కొత్త బూట్లతో అలాంటి చోట కాలేస్తే మోకాలి దాకా దిగిపోయింది. కాలు వచ్చింది గానీ బూటు రాలేదు. బురదలో మోచేయి దాకా చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగుతుంటే, సరిగ్గా అప్పుడే కాళ్ల దగ్గర్నుంచి ఒక గ్రౌస్ (కోడిలాంటి మూర్ పిట్ట) లేచి, "గో బ్యాక్, గో బ్యాక్, గో బ్యాక్" అని అరుస్తూ పోయింది. రెడ్ గ్రౌస్ అరుపు నిజంగానే అలా ఉంటుంది, నేను కల్పించింది కాదు.

మార్చి 1 నుంచి జూలై 31 దాకా ఇలాంటి నేలల్లో కుక్కల్ని రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలన్నది చట్టం. మనలో కుక్కలున్నవాళ్లు తక్కువే గానీ, పిల్లలకీ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. గూళ్లన్నీ నేల మీదే ఉంటాయి.

కూర్చోండి

గట్టు మీద గాలికి చాటుగా ఒక బండో, కూలిన రాతిగోడో చూసుకుని, దానికి వీపు ఆనించి మూర్ వైపు తిరిగి కూర్చోండి. గోడ మీద కూర్చోకండి. ఆకాశం ముందు మీ ఆకారం కనబడిందంటే కిలోమీటరు అవతలి పిట్టకు కూడా తెలిసిపోతుంది.

మొదటి పావుగంట ఏమీ కనబడదు. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అనిపిస్తుంది. పక్కనున్నవాళ్లు ఫోన్లు తీస్తారు. తీయనివ్వండి, మీరు మాత్రం బైనాక్యులర్ ఎత్తకుండా వినండి. మూర్ మీద ముందు పనిచేసేది చెవి.

సన్నగా "సీప్ సీప్" అంటూ గడ్డిలోంచి లేచే, చారల చారల గోధుమరంగు పిట్ట మెడో పిపిట్. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఇదే. దీన్ని ముందు నేర్చుకుంటే మిగతావి వేరుగా తెలుస్తాయి. ఇది పైకెగిరి, రెక్కలు బిగదీసి, తోక ఎత్తి, పారాచూట్‌లా పాడుతూ దిగుతుంది. స్కైలార్క్ పద్ధతి వేరు. అది పాడుతూనే ఎక్కుతుంది, ఎక్కి ఎక్కి చుక్కంతై, అక్కడే రెక్కలాడిస్తూ నిలబడి ఆపకుండా నిమిషాల తరబడి పాడుతుంది. మన చేల మీద ఎగిరే భరతపిట్టకు ఇది దాయాది. పల్లెటూళ్లో పెరిగినవాళ్లు ఆ పాట వినగానే తల ఎత్తుతారు.

రెండు గులకరాళ్లు ఒకదానితో ఒకటి కొట్టినట్టు "టక్ టక్" వినిపిస్తే, దగ్గర్లో ఏ పొద చివరి కొమ్మ మీదో స్టోన్‌చాట్ ఉంటుంది. నల్ల తల, మెడ పక్కన తెల్ల మచ్చ, ఇటుక రంగు రొమ్ము. గాలిలో ఒకే చోట వేలాడదీసినట్టు నిలబడి కిందికి చూస్తున్నది కెస్ట్రెల్ డేగ.

"కుక్కూ" వినబడితే అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మన కోయిల కాకి గూట్లో గుడ్డు పెడుతుంది, ఈ కుకూ ఇక్కడ పెట్టేది ఎక్కువగా ఆ పాపం మెడో పిపిట్ గూట్లో. అరచేతిలో పట్టేంత పిపిట్ తనకంటే ఎన్నో రెట్లున్న పిల్ల నోట్లో పురుగు పెట్టడం నేనొక్కసారే చూశాను. దాని తలంతా పిల్ల నోట్లోకి పోయింది. మింగేస్తుందేమో అని నిజంగా టెన్షన్ పడ్డాను. కుకూ గొంతు ఒక చోట వినిపించి ఆగిందంటే ఒంటరి చెట్టు కొమ్మలు, కంచె గుంజలు వెతకండి. రెక్కలు కిందికి వేలాడేసి కూర్చుంటుంది, మొదటి చూపులో డేగ అనుకుంటారు.

ఏది కనబడినా పక్కవాళ్లకి "అదిగో, అక్కడ" అనకండి. మూర్ మీద అన్నీ అక్కడే. ఎదురుగా ఒక బండని గడియారంలో పన్నెండు గంటల గుర్తుగా పెట్టుకుని, "రెండింటి దగ్గర, పొదకి ఎడమన" అని చెప్పుకుంటే అందరికీ దొరుకుతుంది. దూరంగా గడ్డిలో ఎండుకొమ్మలు కదిలితే బైనాక్యులర్ పెట్టండి. బిగ్ మూర్ మీద ఎర్రజింకల మంద ఉంది, ఆ కొమ్మలు వాటి కొమ్ములు కావచ్చు.

కర్లూ కోసం

ఇంతా చేసి నేను వెళ్లేది దీనికోసం. దాదాపు కోడంత ఉంటుంది, ఒళ్లంతా గోధుమరంగు చారలు, కిందికి వంగిన కొడవలిలాంటి పొడుగాటి ముక్కు. ఆడదాని ముక్కు ఇంకా పొడుగు. దీని పాట తక్కువ గొంతుతో, ఒక్కొక్క కూతగా, ఎవరో నిద్రలో పిలిచినట్టు మొదలవుతుంది. కూతలు దగ్గర దగ్గరగా జరిగి, చివరికి కుండలో నీళ్లు మరుగుతున్నట్టు ఒకే బుడబుడగా మారి, పిట్ట రెక్కలు చాపి వాలుగా దిగుతూండగా అలా సన్నగిల్లిపోతుంది. మధ్యాహ్నం వేడి తగ్గి ఐదు, ఆరు అయ్యాక ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రపంచంలో గూడు పెట్టే ఈ జాతి కర్లూల్లో దాదాపు నాలుగో వంతు బ్రిటన్‌లోనే ఉన్నాయి. అయినా 1990ల నడుమ నుంచి ఇక్కడ వాటి సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. 2015లో వీటిని బ్రిటన్ పిట్టల ఎరుపు జాబితాలో, అంటే అన్నిటికంటే ఆందోళన కలిగించేవాటి జాబితాలో చేర్చారు. తడినేలలు ఎండగట్టడం, గడ్డి ముందే కోసేయడం, నక్కలు, కాకులు గుడ్లు ఎత్తుకుపోవడం, కారణాలు ఇలా ఒకదానికొకటి తోడయ్యాయి. చలికాలం మన పులికాట్, కోరింగ తీరాల్లో బురదలో ముక్కు గుచ్చుతూ కనబడేవీ ఈ జాతివే. అయితే అవి ఇక్కడివి కావు, తూర్పున రష్యా వైపు నుంచి వచ్చేవి.

అందుకే ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. కర్లూ పాడటం వేరు, అరవడం వేరు. మీ తల మీద చుట్టూ తిరుగుతూ, పదునుగా, ఆగకుండా "కుర్‌లీ, కుర్‌లీ" అని అరుస్తోందంటే దాని పిల్లలు మీ కాళ్లకి దగ్గర్లోనే ఉన్నాయి. ఫొటోకి భలే దగ్గరగా వచ్చిందని సంబరపడకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లిపోండి. అది మీ వెంట తిరిగిన ప్రతి నిమిషమూ పిల్లలు కాపలా లేకుండా ఉన్నట్టే. ఫోన్లో కూత రికార్డింగు పెట్టి పిట్టని రప్పించే పని కూడా వద్దు. ఇది మన గ్రూపుల్లో మామూలైపోయింది. యాప్‌తో కూత గుర్తుపట్టడం తప్పేమీ కాదు, స్పీకర్లో వాయించడం తప్పు.

దిగేటప్పుడు

గట్టు వదిలే టైము ముందే అనుకోండి, చివరి రైలు టైము చూసి దానికి రెండు గంటలు ముందు. దిగడమే కదా అనుకుంటాం గానీ, ప్యాడ్లీ గార్జ్ చెట్ల కింద బయటికంటే అరగంట ముందే చీకటి పడుతుంది, వేర్లూ రాళ్లూ తడిగా ఉంటాయి. తలకి పెట్టుకునే లైటు ఉంటే మంచిది.

లేచే ముందు వెలుతురు మందగించాక ఇంకో ఐదు నిమిషాలు ఆగగలిగితే ఆగండి. పైన ఎక్కడో మేకపిల్ల వణుకుతూ అరిచినట్టు వినిపిస్తుంది. అది స్నైప్. గొంతుతో చేసే శబ్దం కాదది. పైనుంచి ఒక్కసారిగా వాలుతూ తోక చివరి ఈకల్ని విచ్చితే, గాలికి అవి అదిరి అలా మోగుతాయి.

దారి మీద ఎండ తగిలే రాతి పక్కన వీపు మీద వంకరటింకర నల్ల చార ఉన్న పాము కనబడితే అది యాడర్. బ్రిటన్ మొత్తం మీద విషమున్న పాము అదొక్కటే, మన రక్తపింజర కుటుంబందే. దాని మానాన దాన్ని వదిలేస్తే అదే తప్పుకుంటుంది. కరిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చూసినవి రైల్లోనే రాసుకోండి. గ్రిండిల్‌ఫోర్డ్ ప్లాట్‌ఫారం చివరే టాట్లీ సొరంగం నోరు, 5 కిలోమీటర్లకు పైగా పొడవు. షెఫీల్డ్ రైలు స్టేషన్ వదలగానే అందులోకి దూరుతుంది, ఫోన్లో సిగ్నల్ పోతుంది, కిటికీలోంచి చూసేందుకూ ఏమీ ఉండదు. ఏ పిట్ట, ఎన్ని, ఎన్ని గంటలకి, ఏం చేస్తోంది, ఇంతే రాయండి. పేరు తెలియనిదానికి పేరు పెట్టకండి, రంగూ అరుపూ రాస్తే చాలు. గూడు ఎక్కడుందో మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టకండి, గుడ్లు దొంగిలించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంటికి రాగానే స్నానానికి ముందు ఒళ్లు చూసుకోండి. మోకాలి వెనక, నడుము పట్టీ చుట్టూ, పిల్లలకైతే చెవుల వెనక, జుట్టు మొదళ్లలో కూడా. మన వైపు పశువుల్ని పట్టే పిడుదుల్లాంటివే ఇక్కడ హెదర్‌లోంచి, బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కల్లోంచి మన మీదికి ఎక్కుతాయి. నువ్వుగింజంత ఉంటాయి, కుట్టినట్టు కూడా తెలియదు. కనబడితే నూనె రాయడం, అగ్గిపుల్ల పెట్టడం లాంటి వైద్యాలు చేయకండి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి వలయంలాంటి మచ్చ పెరుగుతూ వచ్చినా, జ్వరం తగిలినా డాక్టరుకి ఆ తేదీ చెప్పి పిడుదుల వల్ల వచ్చే లైమ్ జబ్బేమో చూడమనండి.